బంతి విడిచి బరి కెక్కిన ఆంటనీ మండైన్

2000వ సంవత్సరము మే నెలలో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున ఒక విచిత్రమైన వార్త పుట్టెను. సెయింట్ జార్జ్ ఇల్లవారా అను రగ్బీ జట్టులో మేటి యని పేరువడసిన ఆంటనీ మండైన్ అను యువకుడు, ఆటల ఋతువు నడుమనే జట్టును, జీతమును విడిచి, ముష్టియుద్ధమును వృత్తిగా గైకొనుచున్నానని ప్రకటించెను. అప్పటి కతనికి సుమారు ఇరువదియైదేండ్ల ప్రాయము. వయసు మీరి ఆట సాగనివారు వేరు వ్యాపకమును వెదకికొనుట లోకమున నున్నదే. ఇతడట్లు గాదు, తన విద్య పండియున్న కాలమున విడిచెను. ధనము పుచ్చుకొని చేయు ముష్టియుద్ధములో అంతవరకు ఒక్కసారియైనను అడుగిడినవాడు కాడు. నమ్మినవారి కంటె నవ్వినవారే మెండు.

ఇతడేల విడిచెనో తెలియవలెనన్న, రగ్బీ యను ఆటకును ధనమునకును గల పాత వైరమును ముందుగా కొంత చెప్పవలసియున్నది. శ్రోతలలో ఈ ఆటను చూడనివా రుందురు. కోడిగ్రుడ్డు వంటి ఆకారము గల బంతిని చంకనిడికొని పరుగెత్తి, ఎదిరిపక్షమువారి గీత కావల దానిని నేలకు తాకింపవలెను. బంతిని చేతితో ముందునకు విసరరాదు; ప్రక్కకో వెనుకకో అందింపవలెను. ఎదిరివారు మీదబడి పట్టి పడవేయుదురు. మన చెడుగుడులో కూతగానిని పట్టువారిని చూచినవారికి దీని యురవడి కొంత యూహకందును గాని, ఇచ్చట పట్టు పట్టువారును పరుగున వచ్చి తాకుదురు.

ఇది ఇంగ్లండు దేశమున కలవారి పాఠశాలలలో పెరిగిన ఆట. ధనము పుచ్చుకొని ఆడుట హీనమని వారి మతము. ఉత్తర ఇంగ్లండులో గనులలోను మిల్లులలోను పనిచేయువారు శనివారమున ఆడబోయినచో ఆ పూట కూలి పోవుచుండెను. ఆ కూలినైన ఇప్పింపుడని వారి సంఘములు కోరగా పెద్దలు కాదనిరి. కూలివానికి నీతి బోధించుట కూలి యిచ్చుట కంటె చౌక గదా! 1895 ఆగస్టు 29వ తేదీన హడర్స్‌ఫీల్డు పట్టణమున ఒక హోటలులో ఆ సంఘములు కూడి, వేరుపడుటకు తీర్మానించుకొనెను. అట్లు చీలిన శాఖయే రగ్బీ లీగు. మునుపటి పదునేనుగురికి బదులు ఇందు పదుమువ్వు రాడుదురు. సిడ్నీలో 1907లో ఇట్టి తగవే వచ్చెను. బర్డన్ అను ఆటగాడు ఆటలో గాయపడి పనికి పోజాలకయున్నను పరిహార మేమియు దొరకలేదు. ఆ యేడే అచ్చట లీగు సంఘ మేర్పడి 1908 నుండి పందెములు నడిపెను. పాత శాఖయగు రగ్బీ యూనియను మాత్రము 1995 వరకును ధనమును ముట్టరాదనియే పట్టుపట్టియుండెను. మండైన్ ఆడినది కూలివారు కొట్లాడి సంపాదించుకొన్న ఆ లీగు ఆటయే.

ఇంక అతని పుట్టుక. 1975లో పుట్టిన ఈ ఆంటనీ ఆస్ట్రేలియా ఆదిమవాసుల బిడ్డ. తెల్లవారి రాజ్యాంగము 1967 వరకు ఆదిమవాసులను దేశపు జనసంఖ్యలో లెక్కింపరాదని శాసించియుండెను. లెక్కలో లేని ఈ ప్రజలకు బరిలో మాత్రము చోటుండెను. సంతలు జరుగు ఊళ్లకు డేరాలు మోసికొని తిరుగు ముష్టియుద్ధ బృందములు ఆ దేశమున చిరకాలము సాగినవి. డేరా ముంగిట ఎత్తైన బల్లలపై యోధులను వరుసగా నిలిపి, డోలు మ్రోయించి, గుంపులోని కుర్రకారును సవాలు చేయుదురు. ఆ వరుసలో నిలిచినవారిలో ఆదిమవాసు లనేకులు. పేరుగాంచిన షార్మన్ బృందము 1971లో డేరా ఎత్తివేసెను. దానికి మూడేండ్లకు ముందు, 1968 ఫిబ్రవరిలో, లయొనెల్ రోజ్ అను ఆదిమవాసి యువకుడు టోక్యో నగరమున జపాను వీరుడగు హరాడాను గెలిచి ప్రపంచ విజేతయయ్యెను.

ఆంటనీ తండ్రి టోనీ మండైన్ ఈ పరంపరలోనివాడు. నాలుగు బరువు తరగతులలో ఆస్ట్రేలియా విజేతగా నిలిచినవాడు. 1974లో దక్షిణ అమెరికాకు పోయి, బ్యూనస్ ఐరిస్ నగరమున కార్లోస్ మొంజోన్ అను మహాయోధుని ఎదిరించి, ఏడవ రౌండున కూలిపోయెను. ప్రపంచ విజేత యను పేరు ఆ యింటికి అంతవరకే వచ్చి ఆగినది. పిమ్మట అతడు సిడ్నీలో ఆదిమవాసులు నివసించు రెడ్‌ఫర్న్ పేటయందు వ్యాయామశాల నడిపెను. కొడుకు బంతి పట్టి పేరు గడించినను, అతని చేతులకు ముష్టివిద్య నేర్పినది ఆ శాలయే. కావున ఇతడు రగ్బీని విడిచి పరాయి యింటికి పోయెననుట కంటె పుట్టినింటికి మరలెననుట సరియని నా తలంపు.

అయినను ఊరక మరలలేదు. 1999 సెప్టెంబరు 26న సిడ్నీలోని పెద్ద క్రీడారంగమున లీగు అంతిమ పందెము జరిగెను. 1,07,999 మంది చూచిరి. మండైన్ జట్టు సగమాట ముగియునప్పటికి 14-0తో ముందుండెను. రెండవ సగమున ఇతడు బంతితో గీత దాటుచు ఇక తాకించుటయే తరువాయి యనునప్పుడు అది చేజారెను. కడకు మెల్‌బోర్ను జట్టు 20-18తో గెలిచెను. రెండు పాయింట్ల తేడాతో పోయిన పందెములో ఒక్క చేజారిన బంతిని జనము మరచునా? అటుపిమ్మట దేశపు జట్టునకు తన్ను ఎన్నుకొనకుండుట అతనిని మరింత నొప్పించెను. దీనికి వర్ణభేదమే కారణమని బహిరంగముగ ననెను. కాదన్నవారు కలరు, ఔనన్నవారు కలరు. ఎన్నిక చేయువారి మనసులోనిది తూచుటకు త్రాసు లేదు. కాని ఇతని కోరిక స్పష్టము: తన విలువను గదిలో కూర్చున్నవారు గాక, ఎదుట నిలిచిన ప్రత్యర్థి తేల్చవలెను.

2000 జూలైలో మొదటి పోటీ గెలిచెను. అటుపై గెలుపులే. పదునేడు నెలలకే, 2001 డిసెంబరు 1న, జర్మనీలోని డార్ట్‌ముండు నగరమున ప్రపంచ విజేత స్వెన్ ఆట్కేతో తలపడెను. అంతకు ముందు చేసినవి పది పోటీలు మాత్రమే. బాల్యము నుండి చేతొడుగులు విడువనివారికే అది తొందరయనవచ్చును. అంతలో, అమెరికాపై సెప్టెంబరులో జరిగిన దాడులను గూర్చి ఇతడు పలికిన మాటలకు దేశదేశముల నిందలు వచ్చి, ఒక ప్రపంచసంస్థ తన వరుస పట్టికనుండి ఇతని పేరు తొలగించెను. ఈ గాలివాన నడుమ బరి కెక్కి, తొమ్మిది రౌండులు నిలిచి, పదవ రౌండున ఒక్క దెబ్బతో నేలకొరగెను. ఓడినను, ఆనాడే ఇతడు వేషగాడు కాడని తేలినదని నే ననుకొందును.

రగ్బీ దేహము వేరు, ముష్టియోధుని దేహము వేరు. రగ్బీలో ఆట ఎనుబది నిమిషములు. దెబ్బను భుజముతో, ఛాతితో కాచుకొనవలెను. బరిలో పండ్రెండు రౌండులు, రౌండునకు మూడు నిమిషములు. అంతయు ముప్పదియారు నిమిషములే. కాని అచ్చట బిగిసిన భుజమే శత్రువు. కండ సడలియుండవలెను, కాలు కదలుచుండవలెను, దెబ్బ రాకమునుపే తల తొలగవలెను. రగ్బీ నుండి వచ్చినవారు సామాన్యముగా ఈ సడలింపు నేర్వలేరు. మండైన్ మైదానమునందును తాకిడికి కాక తప్పుకొనుటకే పేరుపడినవాడు. ఎదిరివానిని ఒకవైపునకు నమ్మించి వేరొకవైపునకు జారు ఆ కాలివాటమే అతని కిచ్చటను మూలధనమయ్యెను. పిడికిట బలము మాత్రము గొప్పదనలేము.

2003 సెప్టెంబరు 3న సిడ్నీలో ఎకోల్స్ అను అమెరికను యోధుని గెలిచి, 168 పౌనుల తరగతిలో ప్రపంచ ముష్టియుద్ధ సంఘమువారి విజేతయయ్యెను. తండ్రికి అందనిది కొడుకున కందెను. అయితే ఇందొక మెలిక యున్నది. ఆ సంఘమువారే అదే తరగతిలో ఆట్కేను అంతకు పైమెట్టున నిలిపియుండిరి. ఇతర సంస్థల విజేతలు వేరే. ఎన్నికల గదిని రోసి వచ్చినవానికి ఇచ్చటను కాగితములు, గదులు తప్పలేదు. మరుసటియేడు సియాకా యనువానికి ఆ బిరుదు కోలుపోయి, 2005లో డెన్మార్కు వీరుడు కెస్లరు చేతను ఓడెను. 2006 మే 17న స్వదేశీయుడగు డానీ గ్రీనును ఓడించిన పోటీకి సిడ్నీ ఫుట్‌బాలు మైదానమే వేదికయయ్యెను. 2007లో సొలిమనును తొమ్మిదవ రౌండున కూల్చి పోయిన బిరుదును మరల పొందెను.

2009 మే 27న బ్రిస్బేనులో ఇతడు డేనియల్ గీలుతో పోరాడి గెలిచిన రాత్రి, అదే బరిలో అంతకు ముందు ఒక కొత్తవాడు మొదటి పోటీ చేసెను. అతడు న్యూజిలాండు దేశీయుడు సన్నీ బిల్ విలియమ్స్. ఇతడును లీగు ఆటగాడే. 2008లో సిడ్నీ జట్టుతోడి ఒడంబడికను త్రోసిపుచ్చి ఫ్రాన్సుకు పోయి, ధనము ముట్టుట కప్పటికి అనుమతించిన యూనియను శాఖలో చేరినవాడు. మండైన్ తలుపు మూసికొని వచ్చెను. విలియమ్స్ రెండు తలుపులును తెరచియే యుంచెను. 2011లో న్యూజిలాండు జట్టుతో ప్రపంచకప్పు గెలిచి, 2012లో ఆ దేశపు హెవీవెయిట్ బిరుదు పొంది, 2013లో లీగునకు మరలి సిడ్నీ రూస్టర్స్ జట్టుతో విజేతయై, 2015లో మరల ప్రపంచకప్పు నందుకొనెను. మునుపటివాడు నవ్వులపాలై త్రవ్విన బాటలో వెనుకటివాడు సులువుగా నడచెను.

మండైన్ మాత్రము విడుచు వేళ నెరుగడయ్యెను. 2013లో గీలు చేత ఓడెను. 2017లో అడిలైడునందు గ్రీను పాత బాకీ తీర్చుకొనెను. 2018లో జెఫ్ హార్న్ అనువాడు ఇతనిని తొంబదియారు సెకనులలో పడగొట్టెను. 2021 మార్చిలో బెండిగో పట్టణమున జెరాఫా యను చిన్నవాని యెదుట మొదటి రౌండునే పోటీ ఆగిపోయెను. అప్పటి కతనికి నలుబదియైదేండ్లు. ఆ పిమ్మట చేతొడుగులు విప్పెను. మొత్తము 59 పోటీలు. గెలిచినవి 48, ఓడినవి 11.