అంకుడు చెట్టు, రంగులేని ఆకు

పోయిన ఆగస్టులో న్యూజెర్సీ నుంచి నా స్నేహితురాలు ఒక ఫోటో పంపింది. తెల్లటి గోడ, దాని మీద తొమ్మిది చెక్క ఆకులు. కొన్ని ఇసుక రంగు, కొన్ని బూడిద రంగు, కొన్ని పాలెక్కువైన కాఫీ రంగు. వెనకే వాయిస్ మెసేజ్: "ఫాల్ డెకార్‌కి ఇలాంటిది కావాలే. ఇక్కడ దొరికేదంతా ఫ్యాక్టరీ సరుకు. ఏటికొప్పాక మీ ఊరి దగ్గరే కదా, చేయించి పంపు. కానీ ఆ ఎరుపులూ పసుపులూ వద్దు. న్యూట్రల్ టోన్స్."

మాది నర్సీపట్నం. ఉండేది హైదరాబాద్‌లో. సరే అన్నాను. అన్న తర్వాత రెండు మాటలు నన్ను పట్టుకున్నాయి. ఒకటి ఫాల్, రెండోది న్యూట్రల్.

నిఘంటువు ఆటమ్‌ని శరదృతువు అంటుంది. మా వైపు శరత్తులో ఒక్క ఆకూ రాలదు. వానలు వెనకబడతాయి, చెరువులు నిండుగా ఉంటాయి, దసరా నాటికి కొండలు ముదురాకుపచ్చగా మెరుస్తుంటాయి. ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. అదీ మేపుల్ చెట్టులా ఎర్రబడి పండగ చేసుకుని రాలదు. ఎండి, గలగలమని పడిపోతుంది. ఎవరూ దాన్ని గోడకి తగిలించుకోరు. చీపురుతో ఊడ్చి దొడ్డి చివర పోగేస్తారు. కాబట్టి నేను చేయించాల్సింది మా ఊళ్లో లేని ఋతువుకి గుర్తు, అదీ రంగు లేకుండా.

సెప్టెంబరులో ఊరికి వెళ్లినప్పుడు ఏటికొప్పాక వెళ్లాను. నర్సీపట్నం నుంచి అడ్డరోడ్డు దాకా వచ్చి, హైవే ఎక్కితే ఎంతో దూరం ఉండదు. వరాహ నది ఒడ్డున ఊరు. చిన్నప్పుడు నాన్న ఇక్కడే నాకు లక్కపిడతలు కొన్నారు. ఓ ఇంటి వసారాలో లేత్ మిషన్ ముందు కూర్చున్న పెద్దాయనకి ఫోను చూపించాను. ఆయన కళ్లజోడు పైకి తోసి చాలాసేపు చూశాడు.

"ఇవి పలక పనులమ్మా. రంపంతో కోసినవి. మాది తిప్పుడు పని. తిప్పితే గుండ్రంగానే వస్తాది. ఆకెలాగొస్తాది?"

నాకు అంతవరకు తట్టలేదు. ఏటికొప్పాక పని అంతా తిరిగే కర్ర మీద ఆధారపడింది. పూర్వం ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవారు, తర్వాత కరెంటు మోటారు వచ్చింది. కర్ర తిరుగుతుంటే ఉలి దాన్ని బొమ్మగా చెక్కుతుంది. అదే తిరుగుడు మీద రంగు కలిపిన లక్క కడ్డీని నొక్కితే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. బ్రష్షూ లేదు, పెయింటు ఆరడమూ లేదు. చివరగా మొగలాకు ముక్క పెట్టి రుద్దితే అద్దంలా మెరుస్తుంది. ఈ పనిలో ఆకు ఎక్కడైనా ఉందంటే అది అక్కడే, మెరుగు పెట్టే చేతిలో.

మర్నాడు మళ్లీ వెళ్లేసరికి ఆయనే ఉపాయం కనిపెట్టి ఉంచాడు. రెండు చెక్కముక్కల మధ్య కాగితం పెట్టి జిగురుతో అతికించాడు. ఆ జంటని లేత్ మీదెక్కించి, మధ్యలో లావుగా రెండు కొసలూ సన్నంగా, కదురులా తిప్పాడు. తర్వాత అతుకు మీద ఉలి పెట్టి చిన్న దెబ్బ వేశాడు. కాగితం దగ్గర చీలి రెండుగా విడిపోయింది. ఒక్కో సగానికి వెనక చదును, ముందు ఉబ్బు, కొసకి మొన. గోడకి ఆనించాడు. ఆకు.

"మరి రంగులేటి?" అన్నాడు.

"వద్దు తాతా. న్యూట్రల్."

"అంటే?"

నేను గోడ మీది వెల్లనీ, గోనెసంచినీ, గుమ్మంలో మట్టినీ చూపించాను. ఆయన నవ్వాడు. "రంగుల చెట్టు తెచ్చి రంగులొద్దంటే ఎలాగమ్మా?"

రంగుల చెట్టు అని ఆయన ఎందుకన్నాడో ఆ రోజు నాకు పూర్తిగా తెలీలేదు. బొమ్మల మీద రంగులేస్తారు కాబట్టి అన్నాడనుకున్నాను. హైదరాబాద్ వచ్చాక వెతికితే, ఆ మాట ఆ చెట్టు పేరులోనే ఉంది.

ఏటికొప్పాక బొమ్మ చేసేది అంకుడు కర్రతో. మెత్తన, తెల్లన, నునుపు. శాస్త్రీయ నామం రైటియా టింక్టోరియా. లాటిన్‌లో టింక్టోరియా అంటే అద్దకానికి పనికొచ్చేది. ఆ పేరు పెట్టడానికి కారణం కర్ర కాదు, ఆకు. అంకుడు ఆకు నుంచి నీలిమందు వస్తుంది. ఆ సంగతి యూరప్ శాస్త్రానికి చెప్పినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ డాక్టరు. 1793లో కలకత్తా తోటకి వెళ్లకముందు ఆయన మకాం మన సామర్లకోట. కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795 నుంచి అచ్చయిన ఆయన పెద్ద గ్రంథంలో మొక్కలకి తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. ఈ చెట్టుని గన్నేరు జాతిలో చేర్చి, దాని ఆకుల్ని వేడినీళ్లలో ఉడికించి నీలిమందు తీయొచ్చని ప్రయోగాలు చేశాడు.

ఆయన ఉత్సాహం వెనక లెక్క ఉంది. 1783లో అమెరికా చేజారింది. కరీబియన్ దీవుల తోటల వాళ్లు నీలిమందు వదిలి చెరకు, కాఫీ వైపు తిరిగారు. బ్రిటన్ మగ్గాలకి నీలం ఎక్కడ్నుంచైనా రావాలి. అందుకని సర్కారు జిల్లాల అడవుల్లో ఏ ఆకు నలిపితే నీలం వస్తుందో కంపెనీ వెతుక్కుంది. చివరికి గెలిచింది అంకుడు కాదు, బెంగాల్ పొలాల్లో పండే నీలిమొక్క. దాని పేరున అక్కడి రైతులు పడ్డ బాధలు 1859లో తిరుగుబాటుగా లేచాయి. 1897లో జర్మనీ కంపెనీ బిఎఎస్ఎఫ్ కృత్రిమ నీలిమందుని బజారుకి తెచ్చాక ఆ పొలాలూ పడకేశాయి. మా వైపు అంకుడు ఆకుని కంపెనీ పట్టించుకోకపోవడం మా అదృష్టమేనేమో.

ఆ చరిత్ర చదువుతుంటే నా ఆర్డరు గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది. ఈ చెట్టు దగ్గరికి బయటివాళ్లు వచ్చి ఏ రంగు కావాలో చెప్పడం రెండు వందల ఏళ్ల అలవాటు. కంపెనీ వచ్చి నీలం ఇమ్మంది. ఇరవయ్యో శతాబ్దంలో బజారు వచ్చి చవకగా, గాఢంగా ఇమ్మంది, రసాయన రంగులు దిగాయి. తర్వాత పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మల్లో సీసంలాంటివి ఉండకూడదని కొనేవాళ్లే అన్నారు. అప్పుడు అదే ఊరికి చెందిన సి.వి.రాజు గారు గింజలూ బెరళ్లూ వేళ్లూ ఆకులూ వెతికి, సహజ రంగుల్ని మళ్లీ లక్కలో కలిపే పద్ధతుల్ని పనివాళ్లతో కలిసి నిలబెట్టారు. జాఫ్రా గింజల నారింజ, పసుపుకొమ్ము పసుపు, నీలిమందు నీలం, ఆ రెండూ కలిస్తే ఆకుపచ్చ. 2017లో ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు, 2023లో రాజు గారికి పద్మశ్రీ, 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం మీద అవే బొమ్మలు. ఢిల్లీ కర్తవ్యపథం అంతా ఆ ఎరుపూ పసుపూ చూసింది. ఆ ఏడాదే నేను వెళ్లి, రంగులొద్దు తాతా అన్నాను.

రంగు వద్దనుకోవడానికీ ఒక చరిత్ర ఉంది. 1810లో జర్మన్ కవి గ్యోథే రంగుల మీద పెద్ద పుస్తకం రాశాడు. అందులో అనాగరిక జాతులూ చదువులేనివాళ్లూ పిల్లలూ గాఢమైన రంగుల్ని ఇష్టపడతారనీ, నాగరికులు బట్టల్లోనూ చుట్టూ వస్తువుల్లోనూ వాటికి దూరంగా ఉంటారనీ అంటాడు. దాదాపు ఆ రోజుల్లోనే లండన్‌లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త మన అంకుడుకి రైటియా అన్న కొత్త జాతి పేరు కట్టాడు. ఒకచోట రంగునిచ్చే చెట్టుకి పేరు పెడుతున్నారు, ఇంకోచోట రంగుని ఇష్టపడేవాళ్లకి పేరు పెడుతున్నారు.

గ్యోథేని తిట్టే హక్కు నాకు లేదు. మూడేళ్ల కిందట ఫ్లాటు మారినప్పుడు ఇంటీరియర్ చేసిన అమ్మాయి బీజ్ గోడలు, బూడిద సోఫా అంది. నాన్న కొన్న లక్కపిడతలు షెల్ఫులో పెడితే "మేడమ్, ఇవి కొంచెం లౌడ్‌గా ఉన్నాయి" అంది. నేను ఏమీ అనకుండా వాటిని అట్టపెట్టెలో పెట్టి అటకెక్కించాను. ఇంకెవరో చెప్తే కోపం వచ్చేది. నాకే లోపల అలా అనిపించింది కాబట్టి రాలేదు.

ఇక ఏ ఆకు చేయించాలన్నది మిగిలింది. ఫోటోలో ఉన్నవి ఓక్, మేపుల్. ఈ పెద్దాయన వాటిని చూసి ఎరగడు, నేనూ చెట్టు మీద చూడలేదు. మా ఊళ్లో నిజంగా ఎండి, నిజంగా గోధుమ రంగుకి తిరిగి, ఆ తర్వాత కూడా విలువున్న ఆకు ఒకటే ఉంది. అడ్డాకు. చింతపల్లి వైపు కొండల్లోని పెద్ద తీగ. ఆదివాసీ ఆడవాళ్లు కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి దింపుతారు. చిన్నప్పుడు మా ఇంట్లో ప్రతి పెళ్లి భోజనం దాని మీదే. ఎండిన అడ్డాకు రంగు ఉందే, అదీ నా స్నేహితురాలు అడిగిన న్యూట్రల్.

ఆ ఆకు వెనకా చరిత్ర ఉంది. నర్సీపట్నం మన్యానికి గుమ్మం లాంటిది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక ఆ గుమ్మం అవతల ఆకు కోయడానికీ కర్ర కొట్టడానికీ పోడు చేసుకోవడానికీ సర్కారు దయ కావాల్సి వచ్చింది. దానికి తోడు కూలి ఎగ్గొట్టి రోడ్లు వేయించడం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం పడింది అందుకే. మేం స్కూల్లో తుపాకుల లెక్క చదువుకున్నాం గానీ ఆకూ కర్రా లెక్క చదువుకోలేదు. "కర్ర దొరకడమే కష్టమైపోతంది" అని పెద్దాయన అన్నప్పుడు నాకా పాఠం గుర్తొచ్చింది. అంకుడుని నరికితే మోడు నుంచి మళ్లీ చిగురేస్తుంది, అది దాని మంచితనం. కానీ చేతికొచ్చే లావు రావడానికి ఏళ్లు పడుతుంది. నాటేవాళ్లు తక్కువ, కొట్టేవాళ్లు ఎక్కువ అయితే చిగురుకి కూడా టైం చాలదు.

అడ్డాకు కొస దగ్గర రెండుగా చీలి ఉంటుంది. పెద్దాయన తన సగాల్ని రెండేసి పక్కపక్కన పెట్టి, కింద కలిపి, పైన కొంచెం ఎడం చేశాడు. తిప్పుడు పనిలో అడ్డాకు వచ్చేసింది. న్యూట్రల్ రంగుల కోసం రెండు రోజులు పట్టింది. ఉత్త లక్క పూస్తే తేనె రంగు. కాచు కలిపితే మట్టి రంగు. కరక్కాయ, ఇనుము తగిలితే బూడిద. మట్టి రంగు మరీ ఎర్రగా ఉందని నేనంటే, రవ్వంత నీలిమందు వేసి ఆ ఎరుపుని చంపాడు. నా స్నేహితురాలు వద్దన్న రంగులన్నీ కలిస్తే గానీ ఆమె అడిగిన రంగు రాలేదు. "రంగుల బొమ్మకంటే ఇదే ఎక్కువ పనమ్మా" అన్నాడాయన. నిజమే అని రెండు రోజుల కూలి మీద ఇంకో రోజుది కలిపి ఇచ్చాను. వద్దనలేదు, మొహమాటపడలేదు. లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

అదే ఫోటో హైదరాబాద్‌లో ఒక షాపులో చూపిస్తే, ఎండీఎఫ్ షీటు మీద లేజర్ కటింగ్‌తో సాయంత్రానికల్లా తొమ్మిది ఆకులిస్తామన్నారు. ధర మూడో వంతు. అబద్ధం చెప్పను, ఒక నిమిషం ఆగి ఆలోచించాను.

అక్టోబరులో పార్సిల్ చేరింది. గోడ మీద ఫోటో పంపింది స్నేహితురాలు. చాలా బాగున్నాయి, కానీ ఒకటి మాత్రం మెరుస్తోందేంటి, మ్యాట్ ఫినిష్ అడిగాను కదా అంది. అది నాకు తెలుసు. మొగలాకు రుద్దొద్దని నేను ఎనిమిదిసార్లు చెప్పాను, ఎనిమిదింటికి ఆయన విన్నాడు. తొమ్మిదోదాని దగ్గర, "మెరుగెట్టకుండా ఎలాగిస్తానమ్మా, పని సగంలో ఒగ్గేసినట్టుంటాది" అన్నాడు. ఆ మాటే ఆమెకి చెప్పాను. కాసేపాగి, సరేలే ఉండనీ అంది.

వచ్చేటప్పుడు ఆయన్ని అంకుడు చెట్టు చూపించమన్నాను. ఇంటి వెనక గట్టు మీద ఒకటుంది. కొమ్మ విరిస్తే పాలు కారాయి. ఆకులు మామూలు పచ్చ, చూస్తే దాన్లో ఏ నీలమూ కనపడదు. తమిళ సిద్ధ వైద్యులు ఈ ఆకుల్ని కొబ్బరినూనెలో వేసి ఎండలో పెట్టి చర్మవ్యాధులకి తైలం చేస్తారని చదివి, గుప్పెడు తెచ్చుకున్నాను. ఒక సీసాలో కొబ్బరినూనె పోసి ఆకులు తుంచి వేసి బాల్కనీలో పెట్టాను. నాలుగైదు రోజులకి నూనె నేరేడు పండు రంగుకి తిరిగింది.

ఆ సీసా ఇప్పుడు బీజ్ గోడ ముందు షెల్ఫులో ఉంది. పక్కన ఖాళీ ఉంది కదా అని అటక మీంచి లక్కపిడతల పెట్టె కూడా దింపాను. పెనం ఎరుపు కొంచెం వెలిసింది. రోకలి కనపడలేదు.