రెండు కంచెలు

2023 మార్చి 7, మంగళవారం. తమిళనాడు ధర్మపురి జిల్లా మారండహళ్లి దగ్గర కాళికౌండన్‌కొట్టాయ్. తెల్లారేసరికి పొలంలో మూడు ఆడ ఏనుగులు చచ్చి పడున్నాయి. వాటి చుట్టూ రెండు గున్నలు తిరుగుతున్నాయి, తల్లుల్ని వదిలి పోవడం లేదు.

పొలం చుట్టూ సన్నటి ఇనుప తీగ. దాంట్లోకి నేరుగా లైను కరెంటు ఇచ్చారు. అడవిపందుల కోసం పెట్టిన తీగ అది. చీకట్లో ఏనుగు కంటికి ఆనేది కాదు. రైతును అరెస్టు చేశారు. అది నేరమే, సందేహం లేదు. కానీ మనిషి ఆ తీగ దాకా ఎందుకు వస్తాడో తెలియాలంటే మన హోసూరు పల్లెల్లో ఒక్క రాత్రి గడపాలి.

కార్తీకం నాటికి తళి, జవళగిరి, డెంకణికోట వైపు రాగి చేలు కంకి మీద ఉంటాయి. సరిగ్గా అప్పుడే కర్ణాటకలోని బన్నేరుగట్ట అడవి నుంచి గుంపులు దిగుతాయి. మంచె మీద రైతు కంబళి కప్పుకుని కూర్చుంటాడు. చేతిలో టార్చి, పక్కన టపాకాయలు. ఏ రెండో జాముకో పక్క చేనులోంచి కేక: "ఏనుగులొచ్చిండాయి, లేయండప్పా!" డబ్బాలు మోగుతాయి, టపాకాయలు పేలుతాయి. తెల్లారి చూస్తే తిన్నదానికన్నా తొక్కిందే ఎక్కువ. విత్తనం, దుక్కి, కలుపు కూలి అన్నీ ఆ మట్టిలోనే పోతాయి. నష్టపరిహారం వచ్చినా పోయిన పంటకే వస్తుంది, మంచె మీద కాసిన రాత్రులకు రాదు. దొంగ కరెంటు తీగకు అయ్యే ఖర్చు మాత్రం ఒక తీగచుట్ట, నాలుగు గుంజలే.

చంపకుండా ఆపే కంచె కూడా ఈ నేల మీదే ఉంది. జవళగిరి వైపు అటవీశాఖ కాంక్రీటు స్తంభాలు నాటి ఉక్కుతాళ్లు బిగించింది. దీనికి మూలం దక్షిణాఫ్రికాలోని ఆడో ఏనుగుల పార్కు. అక్కడ తోటల రైతులతో పోరులో 1931 నాటికి 11 ఏనుగులే మిగిలాయి. 1954లో ట్రాము పట్టాలు, లిఫ్టు తాళ్లతో కంచె పూర్తిచేశారు. ఇప్పుడక్కడ ఏనుగులు వందల్లో ఉన్నాయి. అయితే ఉక్కుతాడు రైతు కొనగలిగేది కాదు.

ఇది హోసూరు గొడవ మాత్రమే అనుకోవద్దు. 1980లలో ఈ అడవుల గుంపులే ఆంధ్రలోని కుప్పం, పలమనేరు వైపు వలస వెళ్లాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అక్కడి రైతుదీ ఇదే కాపలా.

2022 నవంబరులో తమిళనాడు ప్రభుత్వం కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లో 686 చదరపు కిలోమీటర్ల కావేరి దక్షిణ అభయారణ్యాన్ని ప్రకటించింది. మంచి పని. అడవి అందరిదీ అయినప్పుడు దాని అంచున కాపలా ఖర్చు రాగి రైతు ఒక్కడి మీదే పడకూడదు. అభయారణ్యానికి గీత గీసే రోజునే ఉక్కుతాళ్ల కంచెకూ డబ్బు కేటాయించాలని మూడు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడుగుదాం.