శిఖం, బంచరాయి, మాస్టర్‌ప్లాన్: మన పట్టణాల చుట్టూ నేలకు కాపలా ఎవరు?

2023 జనవరి 20, శుక్రవారం. జగిత్యాల మున్సిపల్ కౌన్సిల్ సమావేశమై, పట్టణం కోసం తయారైన కొత్త మాస్టర్‌ప్లాన్ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. కామారెడ్డి మున్సిపాలిటీ కూడా అదే రోజు అదే పని చేసింది. అంతకుముందు కొన్ని వారాలుగా జగిత్యాల చుట్టూ ఉన్న తిమ్మాపూర్, నర్సింగాపూర్, మోతె, అంబారిపేట వంటి ఊళ్ల రైతులు రోడ్ల మీద బైఠాయించారు. ఆడవాళ్లు కూడా పొలం పని వదిలి వచ్చి కూర్చున్నారు. తమ పంట భూములకు ముసాయిదాలో వేరే రంగు వేశారని, ఒకసారి ఆ రంగు పడితే అమ్ముకోవడానికీ, ఇల్లు కట్టుకోవడానికీ, బ్యాంకులో కుదువ పెట్టడానికీ పనికిరాకుండా పోతుందని వాళ్ల భయం. కామారెడ్డి దగ్గర అడ్లూర్ ఎల్లారెడ్డిలో ఆ దిగులుతో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు.

ఆ రోజుల్లో మా హాస్టల్ పిల్లలు పేపర్ పట్టుకొని వచ్చి, "మేడమ్, మాస్టర్‌ప్లాన్ అంటే ఏంది?" అని అడిగారు. పట్టణం రాబోయే ఇరవై ఏళ్లలో ఎటు పెరగాలో, ఎక్కడ ఇళ్లు, ఎక్కడ దుకాణాలు, ఎక్కడ రోడ్డు, ఎక్కడ పొలం అట్లాగే ఉండాలో గీసిన పటం అని చెప్పాను. చెప్పిన తర్వాత నాకే ఇంకో ప్రశ్న వచ్చింది. ఈ పటం లేని కాలంలో ఏ నేల ఎట్లా ఉండాలో ఎవరు చూసుకొన్నారు? చెల్లెళ్లారా, తమ్ముళ్లారా, ఈ వ్యాసం ఆ ప్రశ్న వెంట పోయి రాసింది.

మొదట చెరువు సంగతి. మన ప్రాంతంలో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండితే మత్తడి దూకుతుంది, ఆ నీళ్లు ఒర్రెలో పడి కింది చెరువుకు పోతాయి, అక్కడి నుంచి ఇంకో చెరువుకు, చివరకు వాగుకు, మానేరుకో గోదావరికో. ఈ దారి మొత్తాన్ని కనిపెట్టుకొని ఉండేవాడు నీరటికాడు. తూము ఎప్పుడు తెరవాలి, ఏ మడికి ఎంత పారాలి, కట్ట మీద ఎక్కడ బొరియ పడింది, ఒర్రెకు ఎవరు అడ్డం కట్టారు అన్నది అతని పని. జీతం లేదు, పంటలో వాటా ఉండేది. చదువు లేదు, కానీ చెరువు నిండితే నీళ్లు ఎంతవరకు వస్తాయో అతనికి తెలుసు. ఇప్పుడు ఇంజనీర్లు ఎఫ్‌టీఎల్ అని రాళ్లు పాతేది ఆ గీత మీదే. ఆ గీత లోపలిదే శిఖం భూమి. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు దోసో పుచ్చో వేసుకోవచ్చు, మట్టి పోసి ఎత్తు చేయరాదు. శిఖం పట్టా ఉన్నవాడికీ ఇదే కట్టుబాటు. చాలామంది ఈ మాట మరిచిపోయి, "మాకు పట్టా ఉంది" అని మొరం పోస్తున్నారు.

నీరటికాడి కాలాన్ని నేను బంగారు కాలం అనను. ఆ వ్యవస్థ పైన పటేల్, పట్వారీ, దొర ఉండేవాళ్లు. చెరువును కాచే పని కింది కులాలది, తూము కింది మంచి భూమి పైవాళ్లది. బంచరాయి కూడా అంతే. ఊరి పశువులు మేసే ఉమ్మడి నేలను మన దగ్గర బంచరాయి అంటాం. లెక్కలో అది సర్కారుది, ఊరందరిది. వాస్తవంలో చాలా ఊళ్లలో అది దొర చేతి కింద ఉండేది. గొడ్లను మేపుకొనే లంబాడీలకూ, అడివి అంచున బతికే నాయకపోడులకూ ఆ నేల లేకుంటే బతుకే లేదు, అయినా ఆ నేల గురించి మాట్లాడే హక్కు వాళ్లకు లేదు.

గోదావరి అవతలి ఒడ్డు కథ వేరు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ నేలకొరిగిన తర్వాత నిజాం సర్కారు ఆదివాసీల భూమి గోడు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1946లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. తర్వాత 1959 భూ బదలాయింపు రెగ్యులేషన్, దానికి 1970లో వచ్చిన సవరణ, అంటే మనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచేది. ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి బదలాయిస్తే అది చెల్లదు. 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు దాన్ని ఇంకా గట్టి చేసింది. మన పిల్లలు ఈ పేర్లన్నీ పోటీ పరీక్షల కోసం బట్టీ పడతారు. ఒక్క విషయం మాత్రం చాలామందికి తెలియదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల షెడ్యూల్డ్ ప్రాంతాలు కావు. పాత కరీంనగర్ జిల్లాలో ఏ ఊరూ ఐదో షెడ్యూల్‌లో లేదు. అందుకే వన్ ఆఫ్ సెవెంటీ ఇక్కడ పనిచేయదు, పెసా గ్రామసభ లేదు. గోదావరి దాటి ఉట్నూరు వైపు పోతే ఉండే కవచం ఇవతల లేదు. "మనం ఎస్టీలం, మన భూమి ఎవరూ కొనలేరు" అని తండాలో పెద్దమనుషులు ధీమాగా అనడం నేను విన్నాను. ఆ ధీమా వల్ల పోయిన ఎకరాలు చిన్నవి కావు.

మరి ఇవతల నేల కోసం ఎవరు నిలబడ్డారు? 1978 సెప్టెంబర్ 7న రైతుకూలీ సంఘాల పిలుపు మీద వేలాది మంది జగిత్యాలకు నడిచి వచ్చారు. దానినే జగిత్యాల జైత్రయాత్ర అంటారు. వెట్టి వద్దు, కూలి పెంచాలి, దొరలు వసూలు చేసిన దండుగలు తిరిగి ఇవ్వాలి, దొరల చేతిలో ఉన్న బంచరాయి, సర్కారు భూములు పేదలకు దక్కాలి అన్నవి వాళ్ల మాటలు. ఆ అక్టోబర్‌లోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాత నడిచిన రాజకీయాలూ, పోయిన ప్రాణాలూ వేరే పెద్ద చరిత్ర. దాని మీద మన ఇళ్లలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. ఇక్కడ నాకు కావలసింది ఒకటే. ఉమ్మడి నేల ఎవరిది అన్న ప్రశ్నను ఈ తాలూకాల్లో మొదటిసారి అంతమంది కలిసి, పట్టణం నడిబొడ్డున నిలబడి, పైకి అడిగారు.

ఆ కాలంలోనే రెండు చట్టాలు వచ్చాయి. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు ఎస్టీ జాబితాలో చేరారు. 1977లో అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం వచ్చింది. ప్రభుత్వం భూమి లేని పేదలకు ఇచ్చిన లావుణి పట్టా భూమిని అమ్మరాదు, కొనరాదు. అమ్మినా ఆ అమ్మకం చెల్లదు, తిరిగి పట్టాదారుకే ఇప్పించవచ్చు. ఏజెన్సీ కాని చోట అసైన్డ్ భూమి ఉన్న మన కుటుంబాలకు కవచం అంటే ఇదే. అయినా పెళ్లి ఖర్చుకో, దవాఖాన బిల్లుకో, తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి ఇచ్చేసిన భూములు ఎన్ని లేవు!

2016 అక్టోబర్ 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలయ్యాయి. కలెక్టరేట్ ఎక్కడ వస్తుందో, బైపాస్ ఎటు పోతుందో అన్న మాటతోనే భూమి ధర లేచింది. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారి పొడవునా పొలాల్లో రాళ్లు పాతి, రంగు జెండాలు కట్టి వెంచర్లు లేచాయి. పట్టణం పక్క పల్లెలు మున్సిపాలిటీల్లో కలిశాయి. కలిస్తే వీధి దీపాలు వస్తాయి, నిజమే. కానీ గ్రామసభ పోతుంది, ఉపాధి హామీ పని పోతుంది, ఇంటి పన్ను పెరుగుతుంది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు సొంత పంచాయతీలు అయినందుకు మనం డప్పు కొట్టి సంబరం చేసుకొన్నాం. పట్టణం అంచున ఉన్న తండాలకు మాత్రం ఆ సంబరం ఎన్నాళ్లు ఉంటుందో చెప్పలేం.

నేల మీద కాపలా తప్పితే ఏమవుతుందో 2021లో సిరిసిల్ల చూసింది. ఆ వానాకాలంలో కొత్త కలెక్టరేట్ చుట్టూ నీళ్లు నిలిచాయి. సెప్టెంబర్ 7న కొత్తచెరువు పొంగి పట్టణంలోకి వచ్చింది. శాంతినగర్ వంటి వాడలు మునిగాయి, హైదరాబాద్ నుంచి సహాయ బృందాలు పడవలతో రావలసి వచ్చింది. జైత్రయాత్ర జరిగిన తేదీనే ఇదీ జరగడం కాకతాళీయమే, కానీ క్యాలెండర్‌లో చూసినప్పుడు నాకు ఏదోలా అనిపించింది. వాన ఎక్కువ పడింది అనడం సగం నిజం. నీళ్లు పోయే దారి మీద గోడలు ఉండటం మిగతా సగం.

చట్టంలో లోటు లేదు. 2012 నాటి 168వ నంబరు జీవో ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువు, కుంట, శిఖం భూముల నుంచి 9 మీటర్లు వదిలి కట్టాలి. లేఅవుట్‌లో పార్కు కోసం పది శాతం ఖాళీ స్థలం వదిలి మున్సిపాలిటీకి రాసివ్వాలి. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డుకూ యువకులు, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది ఉండాలంది. మీ వార్డు యువజన కమిటీలో ఎవరున్నారో మీలో ఎంతమందికి తెలుసు? 2011లో పంజాబ్‌లోని ఒక ఊరి చెరువు కేసులో, జగ్‌పాల్ సింగ్ కేసు అంటారు, ఊరి ఉమ్మడి నేలల ఆక్రమణలను తొలగించే పథకం వేయాలని సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. 2024లో హైదరాబాద్ చెరువుల కోసం హైడ్రా వచ్చింది. అది రాజధానికే. మన పట్టణాల్లో ఒర్రెను కనిపెట్టుకొని ఉండే నీరటికాడు పోయాడు, అతని చోట ఇంకెవరూ రాలేదు.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కింద నేను వార్డెన్‌గా ఉన్న ఒక పట్టణంలో అర్ధరాత్రి హాస్టల్ స్టోర్ రూమ్‌లోకి నీళ్లు వచ్చాయి. పెద్ద పిల్లలు లేచి బియ్యం బస్తాలు బెంచీల మీదికి ఎక్కించారు. పప్పు, ఉప్పు తడిసిపోయాయి. చిన్నపిల్లలు మంచాల మీద కూర్చొని తెల్లారేదాకా ఏడ్చారు. పొద్దున పక్కింటి తాత వచ్చి చూసి, "గిది ఒర్రె బిడ్డా. మీ హాస్టల్ ఒర్రెల కట్టిన్రు. అటు ప్లాట్లోళ్లు గోడ పెట్టినంక నీళ్లు ఇంకెటు పోతయ్?" అన్నాడు. నేను టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని, సోషల్ పాఠంలో మ్యాపులు చెప్పినదాన్ని. నేను ఉంటున్న బిల్డింగు కింద ఏముందో ఎన్నడూ చూడలేదు.

సర్వే ఆఫీసులో దరఖాస్తు పెట్టి గ్రామ నక్ష కాపీ తెచ్చుకొన్నాను. పిల్లలతో కలిసి నేల మీద పరిచి చూశాం. చెరువు, దాని మత్తడి, అక్కడి నుంచి వంకరగా వచ్చే ఒర్రె, సర్వే నంబర్లు, అన్నీ ఉన్నాయి. ఒర్రె గీత మా వంటగది మూల నుంచే పోయింది. నక్ష గీసినవాడు తప్పు గీయలేదు, తర్వాత వచ్చినవాళ్లం ఎవరమూ విప్పి చూడలేదు. గోడ కింద తూము పెట్టించడానికి నాలుగు ఉత్తరాలు, ఏడాదిన్నర పట్టింది.

అందుకే జగిత్యాల తీర్మానం గురించి నా అభిప్రాయం కొంచెం తేడాగా ఉంటుంది. రైతులు ముసాయిదాను చదివారు, సర్వే నంబర్లు వెతుక్కొన్నారు, గడువు లోపల అభ్యంతరాలు ఇచ్చారు, వినకపోతే రోడ్డెక్కారు. ఇది గెలుపే. కానీ ప్లాన్ రద్దయితే రైతు భూమి మీద రంగు పోయినట్టే, చెరువు పక్కన పచ్చ రంగు వేసిన చోటు కూడా పోతుంది. ప్లాన్ లేని పట్టణంలో వెంచర్లు ఆగవు, ఒక్కొక్కటిగా వస్తాయి, ఒక్కొక్కదానికి ఎవరు రోడ్డెక్కుతారు? ఇంకోటి, అభ్యంతరం రాసేవాళ్లకు సర్వే నంబరు, పట్టా ఉన్నాయి. బంచరాయి మీద గుడిసె వేసుకొన్నవాళ్లకు, తెల్లకాగితం మీద సాగు చేస్తున్నవాళ్లకు ఆ కాగితంలో రాయడానికి ఏ నంబరు ఉంది? వాళ్లలో మన వాళ్లు ఎక్కువ.

ఎప్పుడో ఒకప్పుడు కొత్త ముసాయిదా మళ్లీ వస్తుంది, మీ పట్టణంలోనూ వస్తుంది. అది వచ్చేలోపు మీ ఊరి నక్ష, సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణి నకలు తీసి పెట్టుకోండి. శిఖం, బంచరాయి ఏ సర్వే నంబర్లలో, ఎన్ని ఎకరాలు రాసి ఉన్నాయో నోట్‌బుక్‌లో దించండి. మీ నాయనమ్మను చెరువు కట్ట మీదికి తీసుకుపోయి, నిండితే నీళ్లు ఎక్కడి దాకా వచ్చేవో చూపించమనండి, అక్కడ నిలబెట్టి ఫోన్‌లో ఫొటో తీయండి. ముసాయిదా వచ్చిన రోజు దానిలో ఆ నంబర్లకు ఏ రంగు వేశారో చూడండి. పట్టా ఉన్నా లేకున్నా, ఆ ఊరి మనిషిగా అభ్యంతరం రాయవచ్చు. రెండు కాపీలు తీసుకుపోండి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర పక్కన తేదీ, ఇన్‌వర్డ్ నంబరు ఉన్నాయో లేదో చూసుకొన్నాకే కౌంటర్ దగ్గర నుంచి కదలండి.