జేమ్స్ వాట్ బేరం

రేడియో కేంద్రాల శక్తిని మనం కిలోవాట్లలో చెప్పుకొంటాము. చేనికి నీరు తోడే మోటారును మాత్రం నేటికీ 'అయిదు హార్స్‌పవరు' అనే అడిగి కొంటాము. మొదటిది జేమ్స్ వాట్ గౌరవార్థం 1882లో ఇతరులు పెట్టిన పేరు. రెండవది ఆయన స్వయంగా స్థిరపరచిన కొలత. అది బేరం కుదుర్చుకొనే అవసరంలో నుంచి పుట్టినది.

ఆవిరియంత్రాన్ని వాట్ కనిపెట్టినాడని బడిలో చదువుకొన్నాము. అది పూర్తిగా నిజం కాదు. న్యూకొమెన్ యంత్రం 1712 నుంచే గనులలో నీరు తోడుతున్నది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేసే వాట్, దాని నమూనాను మరమ్మతు చేస్తూ, సిలిండరును ప్రతిసారీ చల్లార్చి మళ్లీ కాచడంలోనే ఆవిరి అధికభాగం వ్యర్థమవుతున్నదని గ్రహించినాడు. ఆవిరిని వేరొక పాత్రలో చల్లార్చవచ్చునని 1765లో తోచినది. 1769లో పేటెంటు లభించినది. పెట్టుబడి పెట్టిన రోబక్ దివాలా తీయగా, ఆ వాటాను బర్మింగ్‌హామ్ కర్మాగారాధిపతి మాథ్యూ బౌల్టన్ తీసుకొన్నాడు. 1775లో పార్లమెంటు ఆ హక్కును 1800 వరకు పొడిగించినది.

ఇక కొనేవారు కావాలి. కార్న్‌వాల్‌లో తగరం, రాగి గనులున్నవి, వాటిలో నీటి ఊట ఉన్నది, బొగ్గు మాత్రం లేదు; వేల్స్ నుంచి ఓడలపై రావలసినదే. బొగ్గు ఆదా అనే మాట అక్కడ చెవికెక్కుతుంది. 1777లో వాట్ స్వయంగా వెళ్లినాడు. మనిషి బిడియస్థుడు, తలనొప్పుల రోగి. బేరమాడడం కంటె గుండు దట్టించిన ఫిరంగికి ఎదురు నిలవడమే తనకు సులభమని జాబులో వ్రాసుకొన్నవాడు!

అయినా ఆ బేరం చిత్రమైనది. యంత్రం కట్టుకొనే ఖర్చు గని యజమానిదే. వాట్, బౌల్టన్‌లకు రావలసినది, పాత యంత్రంతో పోల్చి చూస్తే మిగిలిన బొగ్గు ఖరీదులో మూడవవంతు, ఏటేటా. మన పాలు సేద్యం వంటిదే అనుకోవచ్చును. అయితే పంట కళ్లెదుట రాశిగా ఉంటుంది. తగలబడని బొగ్గును ఎవరు కొలుస్తారు? వాట్ యంత్రపు దూలానికి ఒక లెక్కింపు పరికరాన్ని అమర్చి, పెట్టెలో పెట్టి తాళం వేయించినాడు. దూలం ఎన్నిసార్లు ఊగినదీ అదే చెప్పేది.

తరువాత 1780లలో చక్రాలను త్రిప్పే యంత్రాలు వచ్చినవి. వాటిని కోరిన మిల్లులలో పోల్చి చూడడానికి పాత ఆవిరియంత్రమే లేదు, గుర్రాలున్నవి. కనుక ఈ యంత్రం ఎన్ని గుర్రాల పెట్టు? నిమిషానికి 33,000 పౌనుల బరువును ఒక అడుగు ఎత్తితే ఒక గుర్రమని నిర్ణయించినాడు. సామాన్యమైన గుర్రం దినమంతా అంత పని చేయలేదు. ఆ తూకంలో మొగ్గు కొనేవానివైపే ఉన్నదని నా అభిప్రాయం. గుర్రానికి ఏడాదికి లండనులో 6, ఇతర చోట్ల 5 పౌనుల చెల్లింపు.

కార్న్‌వాల్ యజమానులను మాత్రం పూర్తిగా తప్పుపట్టలేము. ఏళ్లు గడిచి పాత యంత్రం జ్ఞాపకం చెదిరిన తరువాత, లేని ఖర్చుకు చెల్లింపేమిటని వారి ప్రశ్న. కొందరు చెల్లింపు ఆపినారు, కొందరు యంత్రాన్నే అనుకరించినారు. వ్యాజ్యాలు 1799 దాకా సాగి, చివరకు వాట్ గెలిచినాడు.

మరుసటి ఏడు హక్కు ముగియగానే ఆయన వ్యాపారం విడిచి, ఇంటి అటకమీది పనిగదిలో శిల్పాలకు ప్రతులు చెక్కే యంత్రాలు తయారుచేసుకొంటూ 1819 వరకు జీవించినాడు. ఆ ప్రతులను అమ్మలేదు, మిత్రులకు పంచిపెట్టినాడు.