లష్కర్ బోనం: గత్తర కాలపు మొక్కు, పిల్లల వంతు

సికింద్రాబాద్‌లో ఏటా ఆషాఢంలో ఒక ఆదివారం జరిగే ఉజ్జయిని మహంకాళి బోనాలకు మూలం ఒక మొక్కు. ఆ మొక్కుకు కారణం గత్తర, అంటే కలరా. 1813లో హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో ఆ రోగం ప్రబలి జనం పిట్టల్లా రాలిపోయారని ఆలయ చరిత్ర చెబుతుంది. సికింద్రాబాద్‌కు అప్పటికి ఆ పేరు వచ్చి ఏడేళ్లే. 1798 ఒప్పందం తరువాత నిజాం రాజ్యంలో పాతుకుపోయిన ఈస్టిండియా కంపెనీ దండు హుస్సేన్‌సాగర్‌కు ఆవలి ఒడ్డున గుడారాలు వేసుకుంది. ఆ విడిదికి 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు పెట్టారు. జనం నోట మాత్రం అది లష్కరే, అంటే దండు. బోనాలకూ ఆ పేరే నిలిచింది.

సురిటి అప్పయ్య ఆ దండులో డోలీ మోసేవాడు. రోగులనూ గాయపడ్డ సిపాయిలనూ డోలీలో వేసుకుని భుజాల మీద తరలించడం అలాంటివారి పని. చావుబతుకుల మధ్య ఉన్నవారిని రోజూ దగ్గరగా చూసే ఉద్యోగమది. తన దళంతో ఉజ్జయినిలో ఉండగా ఇక్కడి గత్తర సంగతి తెలిసి, ఊరు గండం గట్టెక్కితే తల్లిని సికింద్రాబాద్‌లో నిలుపుతానని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడు. 1815లో తిరిగివచ్చి కొయ్య విగ్రహాన్ని ప్రతిష్ఠించాడు. 1864లో దాని స్థానంలో రాతి విగ్రహం వచ్చింది. బావి తవ్వకంలో బయటపడిన మాణిక్యాలమ్మ కూడా ఆ గుడిలోనే కొలువైంది.

వైద్య చరిత్రకారులు ప్రపంచాన్ని చుట్టిన మొదటి కలరా 1817లో బెంగాల్‌లో మొదలైందంటారు. అంతమాత్రాన 1813 నాటి కథను కొట్టిపారేయనక్కర్లేదు. అంతకు ముందూ ఆ రోగం దేశంలో అక్కడక్కడ రేగుతూనే ఉండేది. అది నీటి ద్వారా వ్యాపిస్తుందని లండన్‌లో జాన్ స్నో చూపింది 1854లో. అప్పటిదాకా ఏం చేస్తే ఆగుతుందో ఎవరికీ తెలియదు. పొద్దున ఆడుకున్న బిడ్డ రాత్రికల్లా ఒంట్లో నీరంతా పోయి కన్నుమూసే రోజుల్లో, తల్లిదండ్రుల చేతిలో మిగిలింది మొక్కే.

మొక్కులో ఒక లెక్క ఉంది. కష్టం చెప్పుకోవాలి, మాట ఇవ్వాలి, గట్టెక్కాక చెల్లించాలి. ఈ చెల్లింపే నమ్మకాన్ని పిల్లలదాకా తెచ్చింది. గత్తర ఎరుగని తరం కూడా ఏటా బోనం ఎత్తే వేళకు అది ఎందుకో అడుగుతుంది, ఎవరో ఒకరు అప్పయ్య కథ చెబుతారు. ఉపదేశాలకు ఇక్కడ చోటు తక్కువ, పని ఎక్కువ. కుండ కడగాలి, పసుపు కుంకుమలు పెట్టాలి, వేపమండలు కట్టాలి, పాలూ బెల్లమూ వేసి అన్నం వండాలి, పైన దీపం నిలపాలి. పసుపు కలిపిన వేపాకు నీళ్లు సాక పోయాలి. చిన్న ఆడపిల్లలు తమ తలకు తగ్గ బోనం ఎత్తుకుని తల్లుల వెంట నడుస్తారు. వెదురు పుల్లలకు రంగు కాగితాలు అంటించిన తొట్టెలలు ఊరేగింపులో కదులుతాయి.

ఆ రోజు పిల్లలను నిజంగా జడిపించేవాడు పోతరాజు. ఒంటినిండా పసుపు, నడుముకు వేపమండలు, చేతిలో కొరడా. కానీ అతను అమ్మవారి తమ్ముడు. అమ్మకు తమ్ముడంటే పిల్లలకు మేనమామే కదా! భయపెట్టేవాడు మనవాడేనని తేల్చడంలో ఈ పండుగ చూపిన ఉపాయం ఏ నీతిపాఠానికీ తీసిపోదు.

ఇంట్లో మశూచి సోకినా వరస ఇదే. అమ్మవారు పోసిందనేవారు. మంచం చుట్టూ వేపరెమ్మలు పెట్టి, ఇంట్లో తాళింపు మానేసి, బయటివారిని గడప తొక్కనిచ్చేవారు కాదు. జ్వరంతో మూలిగే బిడ్డకు, వచ్చింది తల్లి అనీ, చల్లబరిస్తే వెళ్లిపోతుందనీ చెప్పేవారు. బిడ్డకు అది ధైర్యమే. అయితే తల్లికి కోపం వస్తుందన్న జంకుతో టీకా వద్దన్న ఇళ్లూ ఉన్నాయి. ఆ మూల్యం చెల్లించింది పిల్లలే. దేశంలో మశూచి 1975లో ఆగింది టీకాతోనే. అయినా వేపమండా బోనమూ పోలేదు.

బోనాల మరునాడు సోమవారం రంగం జరుగుతుంది. పచ్చికుండ మీద నిలబడిన జోగిని నోట అమ్మవారు మాట్లాడుతుందని భక్తుల విశ్వాసం. వానల గురించి, రోగాల గురించి చెబుతుంది. పూజల్లో లోటు జరిగిందని కసురుకుంటుంది కూడా. కసిరిన తల్లే కాపాడతానని మాట ఇస్తుంది. కోపమూ అండా ఒకే గొంతులో వినిపించడం ఇంట్లో అమ్మను ఎరిగిన పిల్లలకు వింతేమీ కాదు. తరువాత అమ్మవారి కలశమైన ఘటం ఊరేగింపుతో జాతర ముగుస్తుంది.

తెలంగాణ ఏర్పడ్డాక 2014లో బోనాలు రాష్ట్ర పండుగయ్యాయి. 2020లో కోవిడ్ వల్ల జాతర ఆగింది. మహమ్మారి నుంచి పుట్టిన పండుగకు మహమ్మారే అడ్డుపడింది. గుడిలో కొద్దిమందితో పూజలు జరిగాయి, జనాన్ని ఇళ్లలోనే బోనం సమర్పించుకోమన్నారు. మరుసటి ఏడు భక్తులు మాస్కులతో మళ్లీ లష్కర్‌కు వచ్చారు.