ఇడైయన్‌గుడిలో కాల్డ్వెల్ దంపతులు: నిత్యజీవితం - భాషాకృషి

ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణకర్తగా రాబర్ట్ కాల్డ్వెల్ (1814-1891) తెలుగు పరిశోధకులకు సుపరిచితులు. 1856లో వెలువడిన ఆ గ్రంథంతోపాటు దాని వెనుక ఉన్న గృహజీవితాన్నీ పరిశీలించవలసి ఉంది.

ఐర్లండులో జన్మించిన కాల్డ్వెల్ 1838లో మద్రాసు చేరి, 1841లో తిరునెల్వేలి ప్రాంతంలోని ఇడైయన్‌గుడిలో స్థిరపడ్డారు. 1844లో ఆయన వివాహమాడిన ఎలైజా, నాగర్‌కోయిల్ మిషనరీ చార్లెస్ మాల్ట్ కుమార్తె. ఆమె పుట్టిపెరిగింది అక్కడే. తమిళం ఆమెకు బాల్యం నుంచీ వ్యవహారభాష. కనుక ‘పరదేశంలో సేవచేసిన దంపతులు’ అన్న మాట భర్తకు వర్తించినట్లు భార్యకు వర్తించదు.

తాటిచెట్లు, ఇసుకనేలల నడుమ ఆయన దినచర్య బోధన, పర్యటన, గ్రంథరచనలతో సాగింది. ఆమె బాలికలకు వసతి పాఠశాల నడిపి, స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. ఆ పని వారికి సొంత సంపాదననిచ్చింది. వార్ధక్యంలోనూ విశ్రాంతి తక్కువే. 1877లో బిషప్ అయిన కాల్డ్వెల్ 1883లో తూత్తుకుడికి మారారు. 1891లో కొడైకనాల్‌లో మరణించగా, ఇడైయన్‌గుడి చర్చిలోనే ఆయనను ఖననం చేశారు.

వ్యాకరణ గ్రంథంపై ఉన్న పేరు ఒక్కరిదే. ఆ గ్రంథం రూపొందిన ఇంట తమిళం ఎరిగిన మరొకరు ఉన్నారన్న విషయాన్ని ద్రావిడ భాషాధ్యయన చరిత్ర విస్మరించరాదు.