కోయడం సులువే, కూడడమే కష్టం

జియోజీబ్రాలో ఎక్స్ స్క్వేర్ వక్రం గీసి, 0 నుంచి 1 దాకా దాని కింద సమాన వెడల్పున్న దీర్ఘచతురస్రాలు పేర్చమంటే క్షణంలో పేరుస్తుంది. ప్రతి ముక్కకీ కుడి అంచు ఎత్తు తీసుకుంటే, 10 ముక్కలకి వైశాల్యం 0.385. 100 ముక్కలకి 0.33835. స్లైడర్ జరిపేకొద్దీ 1/3 వైపు దిగుతుంది. చూడ్డానికి బావుంటుంది. కానీ ఈ సులువు వెనక ఒక పాత కష్టం దాక్కుంది. ముక్కలుగా కోయడం ఎవరికైనా తడుతుంది. అన్నిటినీ కూడేదెలా?

ఇక్కడ కావల్సింది 1 నుంచి వరసగా వర్గాల మొత్తం. దానికి సూత్రం ఆర్కిమిడీస్‌కి తెలుసు, ఆర్యభటకీ తెలుసు. ఘాతం పెరిగితే మాత్రం సూత్రాలు చేయిదాటిపోతాయి. 1530 ప్రాంతంలో కేరళలో జ్యేష్ఠదేవుడు మలయాళంలో రాసిన యుక్తిభాష ఈ చిక్కుని తెలివిగా దాటింది. ముక్కలు అణువులంత చిన్నవైనప్పుడు వర్గాల మొత్తం ఘనంలో మూడోవంతు, ఘనాల మొత్తం నాలుగో ఘాతంలో నాలుగోవంతు, అలా పైపైకి. మిగతాది వదిలెయ్యొచ్చు. అయితే అక్కడ వెతుకుతున్నది వృత్తపరిధిని, వక్రం కింది వైశాల్యాన్ని కాదు. 'కాలిక్యులస్ అంతా మనదే' అనే వాట్సాప్ ఫార్వర్డుల్లో అసలు కనపడకుండా పోయేది ఈ వాదనలోని అందమే.

17వ శతాబ్దపు ఫ్రాన్సులో ఫెర్మా ఆ కూడికనే తప్పించుకున్నాడు. వెడల్పులు సమానంగా ఎందుకుండాలి? 1 దగ్గర మొదలుపెట్టి సున్నా వైపు వెళ్తూ, ప్రతి ముక్క వెడల్పునీ ముందుదానిలో 0.9 వంతు చేద్దాం. అప్పుడు వైశాల్యాలు 0.729 నిష్పత్తిలో తగ్గుతాయి. అంటే గుణశ్రేఢి! ముక్కలు అనంతమైనా మొత్తం ఒక్క భాగహారంతో వచ్చేస్తుంది: 0.1ని 0.271తో భాగిస్తే 0.369. వెడల్పుల నిష్పత్తిని 0.9 నుంచి 1కి దగ్గర చేస్తూ పోతే, అదే 1/3.

1854లో రీమన్ ప్రశ్ననే తిరగేశాడు: ఎలా కోసినా చివరికి ఒకే జవాబు రావాలంటే వక్రం ఎలాంటిదై ఉండాలి? ఈ కూడికకి ఇవాళ ఆయన పేరే స్థిరపడింది.

మనం ఒక ఫర్ లూప్ రాసి, 1000 ముక్కలకి 0.3338 వచ్చేసరికి, ఇది 1/3కే పోతోందని ఊహిస్తాం. ఇంకెక్కడికీ పోలేదని తేల్చి చెప్పినవాళ్ళ దగ్గర మెషీన్ లేదు.